గొంతు నులిమిన కేసు చివరికి ఏమవుతుంది?
(హెన్నెపిన్ కౌంటీ కోర్టుల గురించి మిన్నియాపోలిస్ తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సెలవు రోజు మధ్యాహ్నం ఇటువంటి విషయం వినడానికి ఇంతమంది వచ్చారు. వెనక వరుసల దాకా మగవాళ్లు కూడా కూర్చున్నారు. అందుకు ముందుగా కృతజ్ఞతలు.

గృహహింస మొత్తం గురించి ఈ రోజు మాట్లాడను. ఒకే ఒక నేరం తీసుకుంటాను: ఇంట్లో మనిషి గొంతును ఇంట్లో మనిషే నులమడం. మన హెన్నెపిన్ కౌంటీలో అలాంటి కేసు కోర్టుకు చేరాక ఏ దారిన పోతుంది, ఎక్కడ మలుపు తిరుగుతుంది, చివరికి ఏ పేరుతో ముగుస్తుంది అన్నది చెబుతాను. ఫలానా ఇంటికి పోలీసులు వచ్చారన్న వార్త మన వాట్సాప్ గ్రూపుల్లో గంటలో పాకుతుంది. ఆ కేసు ఆరు నెలలకో ఏడాదికో ఎలా తేలిందని మాత్రం ఎవరూ అడగరు. తేలేది ఆ నెలల్లోనే.

నేను లాయరును కాను. బాధితులకు తోడుగా కోర్టుకు వెళ్లి పక్కన కూర్చునే మనిషిని. అక్కడ చూసినదీ చట్టంలో ఉన్నదీ కలిపి చెబుతాను. ఎవరి ఇంటి కథా చెప్పను, దయచేసి మీరు కూడా ఊహించవద్దు.

ముందు చట్టం. 2005 ఆగస్టు 1 నుంచి మిన్నెసోటాలో ఇది ప్రత్యేక నేరం, సెక్షన్ 609.2247. గొంతు మీదో మెడ మీదో ఒత్తిడి పెట్టి గానీ, ముక్కో నోరో మూసి గానీ, ఎదుటి మనిషి శ్వాసకు లేదా రక్తప్రసరణకు కావాలని అడ్డుపడితే అది గొంతు నులమడం. కుటుంబ సభ్యుల మీద గానీ, ఒకే ఇంట్లో ఉండేవాళ్ల మీద గానీ ఆ పని చేస్తే ఫెలనీ, అంటే తీవ్ర నేరం. గరిష్ఠ శిక్ష 3 సంవత్సరాల జైలు, లేదా 5,000 డాలర్ల జరిమానా, లేదా రెండూ. భార్యాభర్తలే కానక్కరలేదు. విడాకులు తీసుకున్నవాళ్లు, ప్రేమలో ఉన్నవాళ్లు, అన్నదమ్ములు, అద్దె పంచుకునే రూమ్మేట్లు కూడా ఈ చట్టం కిందికి వస్తారు. యూనివర్సిటీ దగ్గర నలుగురు కలిసి అపార్టుమెంటు తీసుకున్న మన పిల్లలకు ఈ సంగతి తెలియాలి.

ఈ సెక్షన్‌లో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఒకటుంది. గాయం చూపించాలన్న షరతు ఇందులో లేదు. అంతకుముందు ఇలాంటి సంఘటన చాలా వరకు మామూలు దాడి కింద, మిస్‌డిమీనర్‌గా, మహా అయితే 90 రోజుల జైలు శిక్ష పడే చిన్న కేసుగా పోయేది. పెద్ద కేసు పెట్టాలంటే చెప్పుకోదగ్గ గాయమో ఆయుధమో కావాలి. చెంపదెబ్బకూ, ప్రాణం మీదికి వచ్చిన ఘటనకూ కోర్టు కాగితాల మీద తేడా ఉండేది కాదు. 2005 చట్టం ఆ తేడాను గుర్తించింది. మిగతా రాష్ట్రాలు కూడా ఒక్కొక్కటిగా ఈ దారి పట్టాయి. టెక్సస్ 2009లో, న్యూయార్క్ 2010లో చట్టాలు చేశాయి. ఒహాయోలో 2023 దాకా ఆగాల్సి వచ్చింది. 2013లో ఫెడరల్ చట్టంలో కూడా దీన్ని ప్రత్యేక నేరంగా చేర్చి, పదేళ్ల దాకా శిక్ష పెట్టారు.

ఇంత పట్టుదల ఎందుకు? శాన్ డియాగోలో 1995లో ఇద్దరు టీనేజి అమ్మాయిల హత్యలు జరిగాక అక్కడి సిటీ అటార్నీ కార్యాలయం తన దగ్గరున్న 300 పాత ఫైళ్లను తీసి మళ్లీ చదివింది. అవన్నీ బాధితురాలు ప్రాణాలతో బయటపడిన గొంతు నులిమిన కేసులు. గేల్ స్ట్రాక్ అనే ప్రాసిక్యూటర్, జార్జ్ మెక్లేన్ అనే వైద్యుడు, వారి సహచరులు ఆ ఫలితాలను 2001లో వైద్య పత్రికలో ప్రచురించారు. చాలా కేసుల్లో కంటికి కనిపించే గాయమే లేదు, లేదా ఫోటో తీయడానికి కూడా సరిపోనంత చిన్నది. ఫోటో లేదు కాబట్టి కేసు లేదనుకుని అన్నాళ్లూ వదిలేశారు. తరువాత 2008లో నాన్సీ గ్లాస్ బృందం మరొక అధ్యయనం ప్రచురించింది. భాగస్వామి ఒకసారి గొంతు నులిమిన స్త్రీ, తరువాత అతని చేతిలోనే హత్యకు గురయ్యే ప్రమాదం మిగతా బాధితులతో పోలిస్తే 7 రెట్లకు పైగా ఉందని అందులో తేలింది. ఏడు రెట్లు. కొట్టినవాడు మళ్లీ కొడతాడేమోనన్న భయం వేరు, ఇది వేరు.

శరీరం సంగతి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే కేసు నిలబడేదీ పడిపోయేదీ దాని మీదే. మెడలో తల నుంచి రక్తాన్ని కిందికి తెచ్చే సిర మూసుకుపోవడానికి సుమారు 2 కిలోల బరువంత ఒత్తిడి చాలు. మెదడుకు రక్తం తీసుకుపోయే ధమనికి సుమారు 5 కిలోలు. శ్వాసనాళం మూసుకుపోవడానికి 15 కిలోల దాకా కావాలి. అంటే గాలి ఆడుతుండగానే, మాట వస్తుండగానే, మెదడుకు రక్తం ఆగిపోవచ్చు. పది సెకన్లలోపే స్పృహ పోతుంది. 'మాట్లాడింది కదా, అరిచింది కదా, ఊపిరి ఎలా ఆగిపోయింది?' అని డిఫెన్స్ లాయరు జ్యూరీ ముందు అడిగే ప్రశ్నకు జవాబు ఈ లెక్కలోనే ఉంది. మరునాడు గొంతు బొంగురుపోవడం, మింగుతుంటే నొప్పి, కంటి తెల్లగుడ్డులో చిన్న చిన్న ఎర్రటి చుక్కలు, తెలియకుండా మూత్రం పోవడం, మధ్యలో కొన్ని క్షణాలు అసలు గుర్తులేకపోవడం: ఇవన్నీ సాక్ష్యాలే. మెడలోని ధమని లోపలి పొర చిరిగితే కొన్ని రోజుల తరువాత పక్షవాతం రావచ్చు. అందుకే 'ఇప్పుడు బాగానే ఉన్నాను' అని ఎవరైనా అన్నా, ఆసుపత్రికి తీసుకెళ్లి మెడ స్కానింగ్ గురించి అడగమని బతిమాలుతున్నాను.

మనకు సంబంధించిన ఒక సంగతి. ఎర్రగా కందిన చర్మం తెల్లవాళ్ల మీద కనిపించినంత తొందరగా మన చామనఛాయ మీద కనిపించదు. పోలీసు అధికారి టార్చిలైటు వేసి చూసి 'గుర్తులేమీ లేవు' అని రిపోర్టులో రాస్తాడు. అతను అబద్ధం రాయలేదు, కానీ ఆ ఒక్క వాక్యం కేసు చివరిదాకా వెంటాడుతుంది. కమిలిన మచ్చ రెండో రోజో మూడో రోజో తేలుతుంది. అప్పుడు మళ్లీ ఫోటో తీయించుకోవాలి. ఫోరెన్సిక్ నర్సు, అంటే గాయాలను సాక్ష్యంగా నమోదు చేయడంలో శిక్షణ పొందిన నర్సు, చేత పరీక్ష చేయించుకుంటే ఇంకా మంచిది. అరిజోనాలోని మారికోపా కౌంటీలో ఇలాంటి కేసుల్లో ఫోరెన్సిక్ నర్సుల పరీక్షను క్రమం తప్పకుండా చేయించడం మొదలుపెట్టాక, ఛార్జి వేసిన కేసులు 14 శాతం నుంచి దాదాపు 60 శాతానికి పెరిగాయి. పెరిగింది సాక్ష్యం.

ఇక కోర్టు దారి. పోలీసులు అరెస్టు చేస్తే 36 గంటల గడువు మొదలవుతుంది. అరెస్టు చేసిన రోజును, ఆదివారాలను, సెలవులను ఇందులో లెక్కపెట్టరు. ఆలోపు జడ్జి ముందు నిలబెట్టాలి, లేదా వదిలేయాలి. ఆ కొద్ది గంటల్లో ఒక ప్రాసిక్యూటర్ పోలీసు రిపోర్టు, 911 కాల్ రికార్డింగు, ఏవైనా ఉంటే ఫోటోలు చూసి నిర్ణయం తీసుకుంటారు. ఇక్కడ రెండు కార్యాలయాలు ఉన్నాయి. ఫెలనీలు కౌంటీ అటార్నీ చూస్తారు. అంతకంటే చిన్నవి నగరం తరఫు ప్రాసిక్యూటర్లు చూస్తారు. మిన్నియాపోలిస్‌కు సిటీ అటార్నీ ఉన్నారు. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఈడెన్ ప్రెయిరీ, ప్లిమత్, మేపుల్ గ్రోవ్ లాంటి ఊళ్లకు ఎవరి ప్రాసిక్యూటర్లు వారికి ఉంటారు. గొంతు నులిమిన కేసు ముందుగా కౌంటీ బల్ల మీదికి వెళుతుంది. 'దీనితో జ్యూరీని ఒప్పించలేం' అని అక్కడ అనుకుంటే నగరానికి పంపిస్తారు. అక్కడ అది మామూలు గృహదాడి మిస్‌డిమీనర్ అవుతుంది. మొదటి తగ్గింపు అక్కడే జరిగిపోతుంది. ఏ జడ్జీ చూడకముందే, ఏ వాదనా వినకముందే. ఈ సంగతి బాధితురాలికి చాలాసార్లు వారాల తరువాత తెలుస్తుంది. నిజానికి గృహదాడి కేసులో ఛార్జి వేయకపోయినా, వేసిన ఛార్జి కొట్టేసినా బాధితురాలికి తెలియజేయడానికి ప్రాసిక్యూటర్ గట్టి ప్రయత్నం చేయాలని మిన్నెసోటా చట్టమే చెబుతోంది. కాబట్టి ఫోన్ నంబరు మారితే ఆ కార్యాలయానికి చెప్పండి. ఇల్లు మారినా చెప్పండి.

ఫెలనీ ఛార్జి పడిందనుకుందాం. మొదటి హాజరులో జడ్జి బెయిలు నిర్ణయిస్తారు. దానితోపాటు సాధారణంగా కలుసుకోకూడదన్న ఉత్తర్వు ఇస్తారు. ఆ తరువాత ఓమ్నిబస్ హియరింగు, అంటే ట్రయలుకు ముందు సాక్ష్యాల మీద అభ్యంతరాలు తేల్చే విచారణ, మళ్లీ వాయిదా, ట్రయల్ తేదీ, మళ్లీ వాయిదా. ఫెలనీ అయితే 12 మంది జ్యూరీ, అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి. కానీ ఆ 12 మంది దాకా వెళ్లే కేసులు చాలా తక్కువ. అమెరికా సుప్రీంకోర్టు 2012 తీర్పుల్లో స్వయంగా చెప్పిన మాట ఇది: రాష్ట్రాల కోర్టుల్లో నేర నిర్ధారణల్లో దాదాపు 94 శాతం నేరం ఒప్పుకోవడం వల్లే వస్తున్నాయి. సినిమాల్లో చూసే వాదోపవాదాలు అరుదు. కేసు నిజంగా తేలేది కోర్టు హాలు బయట వరండాలో, ఇద్దరు లాయర్ల మధ్య, కొన్ని నిమిషాల్లో. బేరం అనండి, ఒప్పందం అనండి.

ఆ బేరంలో ఏమి మారుతుందో చూడండి. నాకు బాధ కలిగించే భాగం ఇదే, కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుతాను.

గొంతు నులిమిన నేరాన్నే ఒప్పుకుంటే, పాత నేరచరిత్ర లేనివాడికి శిక్షా మార్గదర్శకాలు సూచించేది 12 నెలల ఒక రోజు శిక్ష, అది కూడా అమలు చేయకుండా ఆపి ఉంచేది. అంటే ప్రొబేషన్ (షరతులకు లోబడి, పర్యవేక్షణలో బయట ఉండడం), కొంతకాలం కౌంటీ జైలు, గృహహింస కౌన్సెలింగ్ కార్యక్రమం. చాలామంది అనుకున్నట్టు ఫెలనీ అనగానే ఏళ్ల తరబడి జైలు కాదు. ఇంకొక పద్ధతి ఉంది: శిక్ష విధించడాన్నే ఆపి ఉంచడం. ప్రొబేషన్ సవ్యంగా పూర్తి చేస్తే ఆ ఫెలనీ రికార్డులో మిస్‌డిమీనర్‌గా మారిపోతుంది.

ఒప్పందంలో ఛార్జినే మార్చవచ్చు. హింసాత్మక బెదిరింపు అనే మరో ఫెలనీ ఒప్పుకోవడం ఒకటి. దాని గరిష్ఠ శిక్ష 5 సంవత్సరాలు, గొంతు నులమడం కంటే ఎక్కువే. కాగితం మీద శిక్ష తగ్గలేదు, కానీ మెడ మాయమైంది. మిస్‌డిమీనర్ గృహదాడి ఒప్పుకోవడం రెండోది. ఈ రెండూ మళ్లీ నేరం చేసినప్పుడు శిక్ష పెంచడానికి లెక్కకు వచ్చే నేరాల జాబితాలో ఉన్నాయి. ఆ మేరకు కొంత నయం. మూడోది 'శాంతికి భంగం కలిగించడం'. వీధిలో గట్టిగా కేకలు వేసినవాడి మీద పెట్టే కేసు అది. ఆ జాబితాలో అది లేదు. మూడేళ్ల తరువాత అతను ఇంకొక స్త్రీ మెడ పట్టుకుంటే, కోర్టు కంటికి అతనిది మొదటి తప్పు. తుపాకి కొనకూడదన్న ఫెడరల్ నిషేధం గృహహింస మిస్‌డిమీనర్‌కు కూడా వర్తిస్తుంది. శాంతిభంగం ఒప్పుకున్నవాడు మామూలుగా దాని నుంచి తప్పించుకుంటాడు.

ఏడు రెట్ల ప్రమాదం గురించి ఇందాక చెప్పాను. ఆ ప్రమాదాన్ని గుర్తుపట్టడానికి తరువాత వచ్చే పోలీసు అధికారికి, బెయిలు నిర్ణయించే జడ్జికి, పిల్లల కస్టడీ చూసే ఫ్యామిలీ కోర్టుకు చటుక్కున అందే సమాచారం తీర్పులో ఉన్న నేరం పేరే. ఛార్జిషీటు లోపలి పేజీలు తీరికగా చదివేవాళ్లు ఎందరు? ఒప్పందాలు వద్దని నేను అనను. అన్ని కేసులూ ట్రయలుకు వెళితే ఏ కౌంటీ కోర్టూ నడవదు. చాలామంది స్త్రీలు కూడా సాక్షి బోనులో నిలబడకుండా ఇది ముగియాలనే కోరుకుంటారు. శిక్ష తగ్గించండి, ప్రొబేషన్ ఇవ్వండి, కౌన్సెలింగ్‌కు పంపండి. కానీ జరిగింది ఏమిటో దాని పేరు మాత్రం ఉంచండి. నా వాదన అంతా ఇదే.

ఒప్పుకోలు ఎలా జరుగుతుందో ఒకసారి చూస్తే ఇది ఇంకా అర్థమవుతుంది. నిందితుడు ప్రమాణం చేసి నిలబడతాడు. హక్కులు వదులుకుంటున్నట్టు ఒక పత్రం మీద సంతకం పెడతాడు. తరువాత లాయరు అడుగుతాడు: ఆ రాత్రి ఎక్కడున్నారు? ఆమె మీకు ఏమవుతుంది? మీ చేతులు ఆమె మెడ మీద పెట్టారా? దానివల్ల ఆమె శ్వాసకు అడ్డు కలిగిందా? ఒక్కొక్క ప్రశ్నకు అతను తన నోటితో అవునని చెప్పాలి. అది రికార్డులోకి ఎక్కుతుంది. కొందరు స్త్రీలు ఆ ఒక్క 'అవును' వినడానికే కోర్టుకు వస్తారు. ఇంట్లో ఎప్పుడూ ఒప్పుకోని మనిషి నోట అది రావాలని. కానీ గౌలెట్ ప్లీ అని ఇక్కడ ఒక పద్ధతి ఉంది, 1977 నాటి మిన్నెసోటా సుప్రీంకోర్టు తీర్పు నుంచి వచ్చింది. 'నేను చేయలేదు, కానీ వాళ్ల దగ్గరున్న సాక్ష్యంతో జ్యూరీ నన్ను దోషిగా తేల్చే అవకాశం గట్టిగా ఉంది' అని చెప్పి నేరం ఒప్పుకోవడం. తాగిన మైకంలో ఏమీ గుర్తులేదనేవాళ్లకు నార్గార్డ్ ప్లీ ఉంది. చట్టరీత్యా అవీ నేర నిర్ధారణలే. అయినా వాటిని ఒప్పుకునే ముందు జడ్జి ఎంత జాగ్రత్తగా ప్రశ్నించారన్నది ముఖ్యం.

ఛార్జి ఎందుకు తగ్గుతుందన్న దానికి ప్రాసిక్యూటర్ల నుంచి తరచుగా వచ్చే జవాబు ఒకటే: సాక్షి రాలేదు. భార్య రాలేదు, ఫోన్ ఎత్తలేదు, లేదా వచ్చి 'నేనే ఎక్కువ చేసి చెప్పాను' అంది. నిందితుడికి తన మీద సాక్ష్యం చెప్పేవాళ్లను ఎదుటపడి ప్రశ్నించే హక్కు రాజ్యాంగం ఇచ్చింది. 2004లో క్రాఫర్డ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా నిలబెట్టింది. ఆమె పోలీసుకు ఇచ్చిన వాంగ్మూలం ఆమె కోర్టుకు రాకపోతే సాధారణంగా పనికిరాదు. అది మంచి హక్కు. తప్పుడు కేసులో ఇరుక్కున్నవాడికి అదే రక్ష, దాన్ని నేను తక్కువ చేయను. 2006లో డేవిస్ కేసులో అదే కోర్టు ఇంకొక మాట చెప్పింది: ప్రమాదంలో ఉండి సహాయం కోసం 911కు చేసిన కాల్‌లోని మాటలు వేరు, వాటిని జ్యూరీకి వినిపించవచ్చు. వైద్యం కోసం డాక్టరుకు చెప్పిన మాటలకు కూడా చాలా సందర్భాల్లో దారి ఉంటుంది. గృహహింస కేసుల్లో అతని పాత ప్రవర్తనను కూడా చూపించడానికి మిన్నెసోటాలో ప్రత్యేకమైన సెక్షన్ ఉంది, 634.20. కాబట్టి ఆమె రాకపోయినా కేసు నడపడం సాధ్యమే, మొదటి రాత్రి పని సరిగ్గా జరిగి ఉంటే. గొంతు బొంగురుగా ఉన్నప్పుడే రికార్డు చేశారా? తడిసిన బట్టలు తీసుకున్నారా? పక్కింటివాళ్లను అడిగారా? ఆసుపత్రికి తీసుకెళ్లారా? ఆరు నెలల తరువాత వరండాలో జరిగే బేరంలో ప్రాసిక్యూటర్ చేతిలో ఉండే బలమంతా ఆ రాత్రి పోగుచేసిందే.

దుబాసీ విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఆ రాత్రి పోలీసులకు పిల్లల చేత గానీ, భర్త స్నేహితుడి చేత గానీ తర్జుమా చేయించవద్దు. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. కోర్టులో అది హక్కు. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకు కూడా అంత భయంలో మాటలు దొరకవు.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి. అరెస్టు అయిన మరునాటి నుంచి గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో ఫోన్లు మొదలవుతాయి. 'ఏమ్మా, మగవాడికి కోపం రాదా? కేసు వెనక్కి తీసుకో, వాడి ఉద్యోగం పోతే నీ పిల్లల గతి ఏమిటి?' కేసు వెనక్కి తీసుకోవడం ఆమె చేతిలో లేదు. ఆ కేసు స్టేట్ ఆఫ్ మిన్నెసోటాది. పైగా ఆ ఫోన్లు చేసేవాళ్లు కొడుకును కాపాడుతున్నామనుకుంటూ అతన్ని ఇంకా లోతుకు తోస్తున్నారు. కలుసుకోకూడదన్న ఉత్తర్వు ఇచ్చింది జడ్జి. అమ్మ చేత, అక్క చేత, స్నేహితుడి చేత కబురు పంపించినా అది ఉల్లంఘనే, దానికి వేరే ఛార్జి. భార్యే ముందు ఫోన్ చేసిందన్నా అతనికి రక్షణ లేదు. జైలు నుంచి చేసే కాల్స్ రికార్డవుతాయి. తెలుగులో మాట్లాడితే ఎవరికీ అర్థం కాదనుకోవడం పొరపాటు, తర్జుమా చేయించి కోర్టులో పెడతారు. సాక్షిని రాకుండా చేయడానికే అతను ఒత్తిడి తెచ్చాడని రుజువైతే, ఆమెను ఎదుటపడి ప్రశ్నించే హక్కునే అతను పోగొట్టుకోవచ్చు. 2008లో జైల్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ నియమానికి హద్దులు గీసింది కానీ నియమాన్ని ఉంచింది. ఇక్కడ అత్తగార్లు, మామగార్లు కూడా ఉన్నారు. అమ్మా, నాన్నగారూ, అలాంటి రోజు వస్తే మీ అబ్బాయికి మీరు చేయగలిగిన ఒకే ఒక్క మేలు మంచి లాయరును పెట్టడం. కోడలికి ఫోన్ చేయవద్దు.

ఇమిగ్రేషన్ లేకుండా మనవాళ్ల కేసు ఏదీ పూర్తి కాదు. హెచ్1 మీద ఉన్న భర్త, హెచ్4 మీద ఉన్న భార్య. అతని వీసా పోతే ఆమెదీ పోతుంది. ఆమె 911 నొక్కకపోవడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే. గృహహింస నేరం పౌరుడు కానివాడిని దేశం నుంచి పంపించడానికి ఆధారం కావచ్చు, మిస్‌డిమీనర్ అయినా సరే. ఏడాది లేదా అంతకంటే ఎక్కువ శిక్ష పడిన హింసాత్మక నేరాన్ని ఇమిగ్రేషన్ చట్టం ఇంకా కఠినంగా చూస్తుంది. అమలు చేయకుండా ఆపి ఉంచిన శిక్షను కూడా పూర్తి శిక్షగానే లెక్కపెడుతుంది. ఇందాక చెప్పిన 12 నెలల ఒక రోజు ఇప్పుడు ఎంత బరువో చూడండి. తీర్పును ఆపి ఉంచారు కాబట్టి శిక్ష లేనట్టే అని నేరం ఒప్పుకున్నవాళ్లు తరువాత ఎయిర్‌పోర్టులో ఆశ్చర్యపోతారు, ఒప్పుకోలు ఉంటే ఇమిగ్రేషన్ దృష్టిలో అది నేర నిర్ధారణే. 2010లో పడిల్లా కేసు నుంచి, ఈ పర్యవసానాలను ముందుగా చెప్పడం డిఫెన్స్ లాయరు బాధ్యత. ఛార్జి పేరు మారడం వెనక కొన్నిసార్లు ఈ కారణమే ఉంటుంది. కుటుంబమంతా రోడ్డున పడకూడదని బాధితురాలే అలా కోరుతుంది కూడా. ఆమెను నేను తప్పుపట్టలేను. అయితే ఆమెకు తెలియని దారులు కొన్ని ఉన్నాయి. దర్యాప్తుకు సహకరించిన బాధితులకు యు వీసా ఉంది. దానికి పోలీసులో ప్రాసిక్యూటరో ధ్రువీకరణ ఇవ్వాలి. ఏడాదికి 10,000 మాత్రమే ఇస్తారు కాబట్టి ఏళ్లు పడుతుంది, కానీ దారి ఉంది. భర్త గ్రీన్‌కార్డు లేదా పౌరసత్వం ఉన్నవాడైతే, అతని సంతకం లేకుండా ఆమె సొంతంగా దరఖాస్తు చేసుకునే వీలు 1994 చట్టం నుంచే ఉంది. 'నీ వీసా నా చేతిలో ఉంది' అన్న బెదిరింపుకు లొంగే ముందు ఒక ఇమిగ్రేషన్ లాయరుతో ఒక్క గంట మాట్లాడండి.

బాధితురాలికి ఉన్న హక్కుల్లో రెండు చెబుతాను. ఒప్పందాన్ని కోర్టు ముందు పెట్టకముందే అందులో ఏముందో ప్రాసిక్యూటర్ ఆమెకు చెప్పాలి. ఆమెకు అభ్యంతరం ఉంటే దాన్ని జడ్జికి తెలియజేయవచ్చు. ఒప్పందాన్ని ఆపే అధికారం ఆమెకు లేదు, కానీ ఆమె మాట జడ్జి చెవిన పడుతుంది. శిక్ష వేసే రోజున తన మీద ఆ నేరం ప్రభావం ఏమిటో రాసి ఇవ్వవచ్చు, చదివి వినిపించవచ్చు, వేరొకరి చేత చదివించవచ్చు. తెలుగులో రాయండి, ఇంటర్‌ప్రెటర్ చదువుతారు.

జడ్జీలు ఎలా ప్రవర్తిస్తున్నారో చూడడానికి 1992లో ఇదే కౌంటీలో వాచ్ అనే సంస్థ పుట్టింది. వాలంటీర్లు ఎర్ర క్లిప్‌బోర్డులు పట్టుకుని కోర్టు హాళ్లలో కూర్చునేవారు. ఆ ఎర్ర రంగు చూడగానే లోపల ఎవరో గమనిస్తున్నారని లాయర్లకూ జడ్జీలకూ తెలిసేది. గొంతు నులమడం చట్టం వచ్చాక ఆ కేసులు ఎలా ముగుస్తున్నాయో వాళ్లు ఫైళ్లు తిరగేసి 2007లోనూ, 2009లోనూ నివేదికలు ఇచ్చారు. ఒక కౌంటీలో ఒక చట్టం కాగితం మీద నుంచి మనుషుల దాకా ఎలా వస్తోందో సామాన్య పౌరులే కూర్చుని లెక్క తీసిన పని అది.

ఆ పని మనమూ చేయవచ్చు. మిన్నియాపోలిస్ డౌన్‌టౌన్‌లో హెన్నెపిన్ కౌంటీ గవర్నమెంట్ సెంటర్ తెలుసు కదా, రెండు టవర్లలో ఒకటి కోర్టులది. అక్కడి క్రిమినల్ కోర్టు హాళ్లలోకి ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. సెక్యూరిటీ దాటాక ఎవరూ ఆపరు, ఎందుకొచ్చారని అడగరు. ఫలానా కేసు ఏమైందో రాష్ట్ర కోర్టుల వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు: మొదట వేసిన ఛార్జి ఒక వరుసలో, చివరికి తేలింది పక్క వరుసలో ఉంటాయి. ఆ రెండూ పోల్చి చూడడం నేర్పడానికి వచ్చే నెల నుంచి కొందరిని నాతో తీసుకెళ్లాలనుకుంటున్నాను. పేర్లు ఇవ్వాలనుకునేవాళ్లు తలుపు దగ్గర బల్ల మీదున్న పుస్తకంలో రాయండి. మీ ఇంటి విషయం ఏదైనా ఉంటే పుస్తకంలో రాయవద్దు, సభ అయ్యాక పక్క గదిలో ఉంటాను, వచ్చి మాట్లాడండి. నేషనల్ డొమెస్టిక్ వయొలెన్స్ హాట్‌లైన్ నంబరు 1-800-799-7233, రోజంతా పనిచేస్తుంది, దుబాసీ సహాయం అడగవచ్చు. ఇక ప్రశ్నలు అడగండి. ముందుగా, వెనక వరుసలో చేయెత్తిన అమ్మాయి.